పట్టా బాబాయి

శివరాత్రికి నెల ముందు మా వైపు ఊళ్ళలో ఫోన్లు మొదలవుతాయి. శ్రీశైలంలో గది కావాలి. దేవస్థానంలో తెలిసినవాళ్ళు ఎవరున్నారు, ఎమ్మెల్యే గారి పీఏ ఉత్తరం ఇప్పిస్తాడా, ఫలానా సత్రం ట్రస్టీ మన వియ్యంకుడికి ఏమవుతాడు అని ఆరాలు గోత్రాల దాకా వెళ్తాయి. ఇంత హడావిడి జరుగుతుంటే అరుగు మీద కూచుని చుట్ట ఒక దవడ నుంచి ఇంకో దవడకి మారుస్తూ, “గదెందుకురా?” అనే మనిషి ఒకడుంటాడు. ఆయనే పట్టా బాబాయి.

ఈయన నాకొక్కడికే బాబాయి కాదు. నరసరావుపేట నుంచి అద్దంకి దాకా, పర్చూరు నుంచి వినుకొండ దాకా మిరప, పత్తి పండే ఏ ఊళ్ళో చూసినా ఒకడు తగులుతాడు. కొన్నిచోట్ల పెదనాన్న, కొన్నిచోట్ల మావయ్య. గుర్తుపట్టడం తేలిక. కారు డిక్కీలో స్టెప్నీ మీద మడిచిన నీలం పట్టా ఉంటుంది. దాని మీద రెండు దుప్పట్లు, ఒక చాంతాడు, గునపం, నీళ్ళ క్యాను, బ్యాటరీ లైటు. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఆయన చూసిన పాపాన పోలేదు. పట్టాకి చిల్లు పడిందేమో మాత్రం డాబా మీద ఎండలో పరిచి, కిందికి దూరి, ఆకాశంలోకి చూసి మరీ తేల్చుకుంటాడు.

పిసినారి అనుకునేరు. అన్నదానానికి బియ్యం బస్తాలు తోలించి, రసీదు మీద పేరు కూడా వద్దనే రకం. ఆయన బాధ వేరు. “ఏడాది పొడుగునా యార్డులో నిలబడి నా సరుకు రేటెంతయ్యా అని ఇంకోణ్ణి అడుగుతున్నా. కొండ మీదికొచ్చి నా నడుం వాల్చుకోటానికి కూడా రేటెంతయ్యా అని అడగాలంటావా?” అంటాడు. నా దగ్గర జవాబు లేదు. గుంటూరు మిర్చి యార్డుకి ఒక్కసారి టిక్కీలు తోలిన ఎవరి దగ్గరా ఉండదు.

చోటు వెతికేటప్పుడు చూడాలి ఆయన్ని. అంతవరకు మోకాళ్ళని మూలిగిన మనిషి చేతులు వెనక్కి కట్టుకుని పొలం బేరానికి వచ్చినవాడిలా నడుస్తాడు. చెప్పు విడిచి అరికాలితో నేల తొక్కుతాడు. చిటికెడు మట్టి ఎగరేసి గాలి ఎటు తోలుతోందో చూస్తాడు. వాన కొడితే నీళ్ళెటు పోతాయి? పొద్దున్నే ఎండ ఏ పక్కనుంచి మొహాన కొడుతుంది? పైన కోతులు కూచునే కొమ్మ ఉందా? దీపం స్తంభం కింద పడుకోకూడదు, పురుగులు రాలతాయి. మరీ చీకట్లో పడుకోకూడదు, అక్కడ తిరిగే పురుగు పేరు రాత్రిపూట పలకరు. కుళాయి దగ్గరగా ఉండాలి, మరుగుదొడ్డి వాసన అందనంత దూరంలో ఉండాలి. ఇన్నీ కుదిరిన చోట అప్పటికే ఎవరో ముసుగు తన్ని ఉంటారు. అప్పుడు బాబాయికి కోపం రాదు. “తెలిసినోడే” అని మెచ్చుకుని, పక్కన పట్టా పరిచి, ఏ ఊరని లేపి అడుగుతాడు. తెల్లారేసరికి ఆ ఊళ్ళో ఈయనకొక చుట్టం తేలతాడు.

శ్రీశైలంలో కులానికో సత్రం ఉన్న సంగతి తెలిసిందే. కౌంటర్లో ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆపైన గది. “మర్రిచెట్టు ఇంటిపేరు అడగదురా అబ్బాయ్” అంటాడు బాబాయి. ఎంత అభ్యుదయమో అని మనం మురిసిపోయేలోపు పిన్ని చేతిసంచీలోంచి తాళంచెవి తీస్తుంది. ఆవిడ ఎప్పుడో తన తమ్ముడి చేత మన కులం సత్రంలోనే గది పట్టించి ఉంచింది. బాబాయి ఆ గదికి “స్నానం వరకే” వస్తాడు. స్నానం అయ్యాక ఫోను చార్జింగు పెడతాడు. అది ఎక్కేదాకా కాపలా కావాలి గనక ఫ్యాను కింద ఒరుగుతాడు. రాత్రికి మాత్రం నిష్ఠగా బయటే. అర్ధరాత్రి చలి పుడితే అక్కరకొస్తుందని పిన్ని తలుపు గడియ పెట్టదు. ఆ తలుపు సంగతి ఆ దంపతులు ఇంతవరకు మాట్లాడుకోలేదు.

శివరాత్రి రాత్రి లింగోద్భవ వేళకి చీరాల దేవాంగుడు తెచ్చిన పాగాతో మల్లన్న గుడిని అలంకరిస్తారు. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన గుడ్డ అది. దీపాలన్నీ ఆర్పేసి, కటిక చీకట్లో, దిగంబరంగా విమాన శిఖరం నుంచి నందుల దాకా చుడతాడు. ఆ ఘడియ కోసం జనం ఏడాది కాచుకుని ఉంటారు. బాబాయి కూడా. ఎందుకంటే ఊరు ఊరంతా గుడి చుట్టూ మూగే ఆ కాసేపే ఉత్తమమైన చోట్లు ఖాళీ అవుతాయి. “పాగా చూశావా బాబాయ్?” అంటే, “చూడకేం, చప్పట్లు వినపడ్డయ్” అంటాడు పట్టా సవరించుకుంటూ. శివుడు ఏమనుకుంటాడో మరి. ఆయనా శ్మశానంలో చోటు చూసుకున్నవాడేగా, అర్థం చేసుకునే ఉంటాడు.

అయితే బాబాయి అసలు ప్రతిభ శివరాత్రికి తెలియదు, మామూలు రోజుల్లో తెలుస్తుంది. దోర్నాల దాటాక శ్రీశైలం దాకా దాదాపు 50 కిలోమీటర్ల దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అటవీశాఖ గేటు వేసేస్తుంది. అందుకని బుద్ధున్నవాళ్ళు మధ్యాహ్నమే బయల్దేరతారు. బాబాయీ మధ్యాహ్నమే బయల్దేరతాడు. కానీ నరసరావుపేటలో పాత స్నేహితుడు కనపడతాడు. వినుకొండలో టీ బాగుంటుంది. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం, ద్వారం తొక్కకుండా ఇంట్లోకి దూకుతామా అని కొండెక్కిస్తాడు. ఎర్రగొండపాలెంలో టైర్లకి గాలి కొట్టిస్తాడు, స్టెప్నీకి తప్ప. దోర్నాల గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ పది. “అయ్యో, పది నిమిషాల్లో తప్పిపోయింది!” అంటాడు. ఆ అయ్యోలో ఎంత ఆనందమో చెవులున్నవాళ్ళకి తెలుస్తుంది.

ఇక అక్కణ్ణించి ఆయన రాజ్యం. గేటు ముందు బారులు తీరిన కార్లలో జనం సీట్లు వెనక్కి వాల్చి, దోమలకి అద్దాలెత్తి, ఉక్కకి దించి, మళ్ళీ ఎత్తి, అటవీశాఖని తిడుతుంటారు. బాబాయి పట్టా పరుస్తాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబానికి నీళ్ళెక్కడో చూపిస్తాడు. బళ్ళారి డ్రైవర్లకి చుట్టలు పంచుతాడు. తెనాలి నుంచి వచ్చిన కొత్త దంపతులకి తన రెండో దుప్పటి ఇచ్చేస్తాడు. పది గంటలకల్లా ఆ పట్టా మీద పది ఊళ్ళవాళ్ళు పులిహోర పొట్లాలు విప్పుకుని కూచుంటారు. పొద్దున ఆరింటికి గేటెత్తగానే అందరూ ఇంజన్లు స్టార్టు చేస్తుంటే బాబాయి మొహం వాడిపోతుంది. ఒకసారి గార్డుని అడిగాడు కూడా, “ఏడింటికి తియ్యకూడదా నాయనా?” అని.

ఈ గార్డులతో ఆయనకి పాత తగాదా. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, నిప్పు రాజెయ్యకూడదు అని 1972 నాటి వన్యప్రాణి చట్టం. తుమ్మలబైలు దాటాక ఒక వాగు పక్కన చదును నేల ఉంది. దాని మీద బాబాయికి ఏళ్ళుగా మనసు. కారు ఆపించి దిగి చూస్తాడు, గార్డు ఈల వేస్తాడు, ఎక్కుతాడు. “దేశంలోకెల్లా పెద్ద పులుల అడవంట! పులికి అంత చోటిచ్చి నాకు ఆరడుగులు ఇవ్వడా ప్రభుత్వం?” పులి ఆరడుగుల మనిషి పక్కన పట్టా పరుచుకోడానికి ఒప్పుకుంటుందా అనేది ఆయన లెక్కలోకి రాదు. చట్టబద్ధంగా అడవిలో పడుకునే అవకాశం శివరాత్రికి దొరుకుతుంది. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా నడిచే భక్తుల వెంట వెళ్ళి పెచ్చెరువు దగ్గర వేలమంది మధ్య పడుకొచ్చాడు. నచ్చలేదు. “మరీ జనం” అన్నాడు.

ఈ విద్య ఎక్కడ పట్టుబడిందంటే కల్లంలో. మా వైపు మాఘ ఫాల్గుణాల్లో మగాళ్ళు ఇళ్ళలో పడుకోరు. కోసిన మిరపకాయ కల్లంలో ఎర్రగా పరిచి ఉంటుంది. అది ఎండేదాకా అక్కడే మకాం. రాత్రి మంచుకి పట్టా కప్పాలి, పొద్దెక్కాక తియ్యాలి, దొంగ రాకుండా చూడాలి, మబ్బు పట్టిందంటే ఊరంతా లేచి పరిగెత్తాలి. పట్టా కప్పడంలో కూడా పనితనం ఉంది. నేలకి అతుక్కుపోయేలా బిగించి కప్పితే కాయలోని తడి బయటికి పోలేక పట్టా లోపలివైపు చెమ్మగా పట్టి మళ్ళీ కాయ మీదే పడుతుంది. రంగు పోతుంది. మచ్చపడ్డ కాయని తాలులోకి నెడతారు, తాలు రేటు తెలిసిందే. అందుకే ఒక అంచు ఎత్తి గాలి ఆడనియ్యాలి. పట్టా కింద సరుకు, పట్టా చివర బాబాయి. పెళ్ళైన కొత్తలో కూడా అంతేనట. పిన్ని ఆ మాట ఇప్పటికీ సరదాగా చెప్పదు.

మొన్నామధ్య బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే మా పిల్లలు ఆయన్ని పాడేరు దగ్గర వంజంగికి తీసుకెళ్ళారు. తెల్లవారుజామున కొండెక్కితే కింద లోయంతా మబ్బు పాలసముద్రంలా పరుచుకుంటుంది. అది చూడటానికి శీతాకాలమంతా జనం తిరణాలగా వస్తున్నారు. అక్కడా, లంబసింగిలోనూ డేరాలు అద్దెకిచ్చే వ్యాపారం బాగా సాగుతోంది. రంగురంగుల నైలాను డేరాలు, పక్కన చలిమంట, బొంగు చికెన్. ఆ పిల్లలు తలకింత కట్టి డేరాలోకి దూరి, చలికి భయపడి జిప్పులన్నీ బిగించారు. బాబాయి బయట కూచుని, “ఒక మూల తీసిపెట్టండ్రా, చెమ్మ పడుద్ది” అన్నాడు. వాళ్ళు నవ్వారు. నలుగురి ఊపిరి రాత్రంతా పైకి పోయి, చల్లటి నైలానుకి తగిలి, నీరై, బొట్లుబొట్లుగా మొహాల మీదికే దిగింది. మూడు గంటలకి ఒక్కొక్కడే తడిసిన దుప్పటితో బయటికి వస్తే బాబాయి బ్యాటరీ లైటు వేసి అందర్నీ పరీక్షగా చూసి, “తాలు” అన్నాడు.

ఆ తర్వాత అమెరికా. డెన్వర్లో ఉండే కొడుకు వేసవికి రమ్మన్నాడు. అక్కడికి దగ్గర్లో ఎస్టెస్ పార్కు అని ఏడువేల అయిదొందల అడుగుల ఎత్తున ఒక కొండ ఊరుంది, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి వాకిలి లాంటిది. పార్కు లోపల మొరైన్ పార్కు, గ్లేసియర్ బేసిన్ అనే చోట్ల డేరాలు వేసుకునే స్థలాలున్నాయి. వాటికి ఆరు నెలల ముందే ఆన్‌లైన్లో పోటీ. కొడుకు ఇదంతా చెప్తుంటే, “శ్రీశైలమే నయం, అక్కడ ఎమ్మెల్యే అయినా ఉన్నాడు” అన్నాడు బాబాయి. ఇహ లాభం లేదని వాడు రెండో దారి చెప్పాడు. పార్కు బయట రూజ్‌వెల్ట్ నేషనల్ ఫారెస్టు ఉంది, ప్రభుత్వ అడవి. కొన్నిచోట్ల గుర్తులు పెట్టిన స్థలాల్లోనే అయినా, ముందు వచ్చినవాడిదే చోటు. డబ్బు కట్టక్కర్లేదు. పద్నాలుగు రోజుల దాకా లేవమని ఎవరూ అడగరు.

“ఎన్ని?”

“పద్నాలుగు, నాన్నా.”

బాబాయి కాసేపు మాట్లాడలేదు. తుమ్మలబైలు వాగు గుర్తొచ్చి ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం బయల్దేరారు. పట్టా ఇండియా నుంచి వచ్చిందే. అడవిలో ఆయన చెప్పు విడిచాడు, మట్టి ఎగరేశాడు, రెండు చోట్లు కాదని మూడోది ఖాయం చేశాడు. ఇక నియమాలు. నీటికి రెండొందల అడుగుల దూరం పోయి, ఆరేడు అంగుళాల గుంట తవ్వి, పని కానిచ్చి, పూడ్చి రావాలి. ఇందుకాయన గునపం పైకెత్తి చూపించి, ఇన్నాళ్ళకి ఒక తెలివైన ప్రభుత్వాన్ని చూశానన్నాడు. నిప్పు మాత్రం వద్దట, ఎండాకాలం అడవి అంటుకుంటుందని నిషేధం పెట్టారు. చుట్ట జేబులోకి వెళ్ళింది. తిండి వస్తువులేవీ బయట ఉంచకూడదు, నల్ల ఎలుగుబంట్లు వాసన పడతాయి. గోంగూర పచ్చడి కారులో పెట్టి తాళం వేశారు. టూత్‌పేస్టు కూడా. “ఎలుగ్గొడ్డు పళ్ళు తోముకుంటదా?” అని నవ్వాడు గానీ ఇచ్చేశాడు.

అప్పుడు కొడుకు నడుముకున్న చిన్న సీసా తీసి చూపించాడు. ఎలుగుబంటి మీదికి వస్తే దాని మొహాన కొట్టేదట.

“ఏముంది ఇందులో?”

“మిరపకాయ ఘాటే నాన్నా. కాప్సైసిన్.”

బాబాయి సీసా లాక్కుని లైటు కింద పెట్టి చదివించుకున్నాడు. కారం నూటికి రెండు పాళ్ళు మించదు. తూస్తే పావుకిలో. కొన్నది నలభై డాలర్లకి. వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలైంది. రూపాయల్లోకి మార్చాడు, పావుకిలో నుంచి కిలోకి, కిలో నుంచి క్వింటాకి ఎక్కాడు. మన తేజ కాయకి ఘాటెక్కువని నూనె తీసే ఫ్యాక్టరీలవాళ్ళు ఎగబడతారని ఆయనకి తెలుసు. ఆ నూనె చివరికి ఎక్కడ తేలుతుందో ఇప్పుడు చూశాడు. లేచాడు.

“ఫోను చెయ్యాలి, యార్డుకి.”

“ఇక్కడ సిగ్నలుండదు నాన్నా, కిందికి దిగాలి. చోటు పోతుంది మరి.”

పద్నాలుగు రోజుల చోటు వంక ఒక్కసారి చూసి, బాబాయి పట్టా మడిచాడు. చీకట్లో మలుపులు తిరుగుతూ ఎస్టెస్ పార్కు పెట్రోలు బంకు దగ్గరికి దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరులో పొద్దున తొమ్మిదని కొడుకు చెప్పాడు. కమిషన్ కొట్టు గుమస్తా మూడోసారికి ఎత్తాడు.

“ఒరే, తేజ ఎంత పలుకుతుంది ఇయ్యాల?”

“ఇయ్యాల శనివారం గదండీ. యార్డుకి సెలవు.”

బాబాయి ఫోను పెట్టేసి సీసాని రెండు దుప్పట్ల మధ్య దాచాడు. “సోమవారం దాకా ఇది ఎవరికీ చూపించమాక” అన్నాడు కొడుకుతో.