కొల్లేటి దురాక్రమణ

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ, వానకాలమున ఉబ్బుచు, వేసవిని తగ్గుచు, యుగయుగములుగా ఎవ్వరికిని లీజునకీయబడక వ్యర్థముగా పడియున్న కొల్లేరను పల్లపునేలను మానవుల యాకలి దీర్చు క్షేత్రముగా దిద్దిన మహానుభావులను, అటవీశాఖవారును పక్షిప్రియులును నేటికిని నిందించుచుండుట చూడగా, మన దేశమున కృతజ్ఞతయను గుణ మెంత క్షీణించినదో తెలియుచున్నది.

1976లో ప్రభుత్వము పేద మత్స్యకారుల సహకార సంఘములకు కొల్లేటి భూములను పంచిపెట్టినది. కాలక్రమమున పట్టా పేదవాని ట్రంకుపెట్టెలోను, అందలి చేపలచెరువు పెద్దవాని చేతిలోను నిలిచి, రాత్రివేళ గట్టుపై టార్చిలైటు పట్టుకొని తిరుగు కావలి యుద్యోగము మరల పేదవానికే దక్కినది. ఇంతకంటె సమానత్వమేమి కావలయును?

ఇక ఆ చెరువుల శాస్త్రీయత చూడుడు. కిక్కిస నరికి, గట్లు పోసి, బొచ్చెను శీలావతిని వదలి, తవుడును పత్తిచెక్కయు, గుట్టుగా కోళ్ల వ్యర్థములును మేపుదురు. చేప తినగా మిగిలినది నీట మురిగి, పట్టుబడి ముగియగానే కాలువ దారిని కొల్లేటికి చేరును. దానిని భుజించి గుర్రపుడెక్క నవనవలాడుచు నీటిపై దట్టముగా పరచుకొని, క్రిందనున్న జీవులకు వెలుతురును ప్రాణవాయువును మితముగా వడ్డించును. నాటుచేపలు ఈ యభ్యుదయమునకు తాళలేక కరవైనచో, అది వాని సంకుచితత్వమే గాని చెరువుల దోషమెట్లగును?

ఇది స్థానికాహారోత్పత్తి కాదనువారు కైకలూరునకుగాని ఆకివీడునకుగాని పోయి, ట్రేలలో ఒక వరుస చేప, ఒక వరుస నలుగగొట్టిన ఐసు పేర్చి లారీల కెక్కించుట కన్నులార చూడవలెను. ఉత్పత్తి ముమ్మాటికిని స్థానికమే. ఆహారము మాత్రము హౌరాకును, అస్సామునకును పోవును. చుట్టును నీరేయున్న లంకగ్రామమున గృహిణి త్రాగునీటిని క్యానుతో కొని తెచ్చుకొనును. గూడబాతు మాత్రము ఎగుమతి నియమములు తెలియక, చేపను అక్కడికక్కడనే మ్రింగజూచును. కావుననే దానికి నాగరికత నేర్పుటకై చెరువులపై దారములు కట్టి, టపాకాయలు కాల్చుచున్నారు.

1999లో కొల్లేటిని సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తున నున్న కాంటూరు గీత వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యమని ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేర్చిరి. 2006లో యంత్రములతోను, పేలుడు సామగ్రితోను గట్లు కూల్చిరి. కూల్చిన గట్లలో ఎన్నియో, నరికిన తుమ్మవలె, మరల చిగిర్చినవి. 2008లో శాసనసభ ఆ హద్దును మూడడుగులకు దింపవలెనని తీర్మానించినది. చట్టసభల గౌరవము తెలిసిన ఏ సరస్సయినను ఆ మరునాడే రెండడుగులు క్రిందికి దిగియుండెడిది, ఇది దిగలేదు.

పైగా బుడమేరు, తమ్మిలేరు అను రెండేరులు ఏటేట వరదను తెచ్చి ఇచ్చటనే దింపుచున్నవి. 2024 సెప్టెంబరున విజయవాడను ముంచిన బుడమేటి నీరును చివర కీ దిక్కునకే వచ్చినది. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి. దానిని పూడికయు ఆక్రమణలును కలిసి మర్యాదగా ఇరుకు చేసినవి. అప్పుడా నీరు ఏ పత్రమును లేకయే సర్వే నెంబరు గల చెరువులలో చొరబడి, లక్షల ఖరీదుగల చేపను తోడ్కొని పోవును. ఆక్రమణదారెవ్వరో ఇంకను చెప్పవలయునా?

కావున 1905 నాటి భూ ఆక్రమణ చట్టము క్రింద ఆ రెండేరులకును వెంటనే తాఖీదులు పంపి, సంజాయిషీ కోరవలెనని రెవెన్యూవారికి మనవి. చిరునామా యేమని గుమాస్తా అడిగినచో, "ఐదవ కాంటూరు, కొల్లేరు" అని వ్రాయించవచ్చును. ఆ చిరునామాలో ఇప్పుడెవ్వరు కాపురమున్నారో తపాలా బంట్రోతునకు తెలియును గాన, తాఖీదు చేరవలసినవారికే చేరును.