డబ్బా విప్పకముందే

విడుదల కాని చేతి గేమ్ కన్సోల్ లోపల ఏముందో చెప్పే శాస్త్రానికి ప్రయోగశాల అక్కర్లేదు. హైదరాబాద్‌లో తార్నాక దగ్గర సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఏళ్లకేళ్లు పరికరాలతో కుస్తీ పడుతుంటే, ఆ పక్కనే బౌద్ధనగర్ అద్దెగదుల్లో వన్ బై టూ చాయ్ చల్లారేలోపు చిప్, ర్యామ్, తెర అన్నీ ఖరారైపోతాయి.

ఈ శాస్త్రానికి పరీక్ష 2021లో జరిగింది. నింటెండో స్విచ్‌కు కొత్త చిప్ పడుతుందని, టీవీకి తగిలిస్తే 4కె బొమ్మ వస్తుందని లోకమంతా లెక్కలు కట్టింది. జూలైలో కంపెనీ చూపించింది 7 అంగుళాల ఓఎల్‌ఈడీ తెర. లోపల మాత్రం అదే పాత ఎన్విడియా టెగ్రా చిప్! తెర జోస్యం ఒక్కటే నిజమైంది గనుక జోస్యులు తలెత్తుకునే తిరిగారు.

2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది: 12 జీబీ ర్యామ్, 7.9 అంగుళాల తెర. ఓఎల్‌ఈడీ పోయి మళ్లీ ఎల్‌సీడీ. ఎంత గట్టి చిప్ పెట్టినా అరచెయ్యి కాలకూడదు, బ్యాటరీ నిలవాలి. కంపెనీ లెక్కే 2 నుంచి 6.5 గంటలు. వేడి, ఛార్జింగ్ ఏ జోస్యంలోనూ ఉండవు.

మొదటి స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు. దిగుమతి సరుకే గతి. దాని ధర మీద మాత్రం బౌద్ధనగర్‌లో ఎవరూ ఊహాగానాలు చెయ్యరు.