అనర్హుడే, కానీ ఆట ఆపొద్దు

చింతచెట్టు కింద నలుగురు పేకాడుతూ దొరికితే మన పోలీసులు ఏం చేస్తారో అందరికీ తెలుసు. ముక్కలు, నగదు, పక్కన నిలబెట్టిన బైకులు అన్నీ స్టేషనుకు చేరతాయి. మర్నాడు జిల్లా పేజీలో తలలు దించుకున్న ఫొటో. అదే జూదానికి లైసెన్సు, నది ఒడ్డున మహాభవనం, వేలల్లో ఉద్యోగులు ఉంటే చట్టం ఎంత మర్యాద నేర్చుకుంటుందో చూడాలంటే మెల్‌బోర్న్ దాకా వెళ్లాలి. అక్కడి క్రౌన్ కేసినోపై రే ఫింకెల్‌స్టైన్ నడిపిన రాయల్ కమిషన్ నివేదిక 2021 అక్టోబరులో బయటికొచ్చింది. ఈ సంస్థ చట్టాన్ని మీరింది, అబద్ధాలాడింది, జనాన్ని దోచింది, లైసెన్సుకు అనర్హం అని తేల్చింది. ఆ వెంటనే, రద్దు మాత్రం ఇప్పుడే వద్దు, ప్రత్యేక పర్యవేక్షకుణ్ణి పెట్టి రెండేళ్లు చూద్దాం అంది. అన్నంలో రాళ్లు కలుపుతున్నాడని వంటవాణ్ణి పట్టుకుని, వడ్డన మాత్రం ఆపొద్దన్నట్టు.

ఆ రాళ్లు ఎలాంటివో చూడండి. చైనా తన పౌరుల డబ్బు జూదానికి సరిహద్దు దాటకుండా ఆంక్షలు పెట్టింది. క్రౌన్ 2012 నుంచి 2016 దాకా చైనా బ్యాంకు కార్డులను తన హోటల్ కౌంటరులో గీకి, హోటల్ సేవల పేరుతో బిల్లు రాసి, ఆ డబ్బును జూదానికి అందించింది. మన వ్యాపార పరిభాషలో దీన్ని దొంగబిల్లు అంటారు. అలా మళ్లింది దాదాపు 16.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. దానికి 2022లో 8 కోట్ల జరిమానా పడింది. గంటల తరబడి కుర్చీ వదలని జూదరులను పట్టించుకోనందుకు అదే ఏడాది మరో 12 కోట్లు. మనీలాండరింగ్ నిరోధంలో తప్పులకు 2023లో ఫెడరల్ కోర్టు 45 కోట్లు వేసింది, అదీ వాయిదాల మీద. ఇవి చిన్న మొత్తాలని ఎవరూ అనలేరు. కానీ ఆ దొంగబిల్లులు రాస్తున్న రోజుల్లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర చట్టంలో గరిష్ఠ జరిమానా 10 లక్షల డాలర్లే. కమిషన్ వచ్చి కడిగేశాకే అది 10 కోట్లయింది. అంతవరకూ అది శిక్ష కాదు, రేటు.

రద్దు చేస్తే పొట్టకూటికి పనిచేస్తున్న వేలమంది ఏమవుతారని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కమిషన్ కూడా రాష్ట్ర ఆర్థికానికి, ఏ పాపం ఎరగనివాళ్లకు నష్టమనే వెనకాడింది. అయితే 2022 జూన్‌లో ఏం జరిగింది? బ్లాక్‌స్టోన్ అనే అమెరికా సంస్థ 890 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు క్రౌన్‌ను మొత్తంగా కొనేసింది. యజమాని మారాడు, బల్లలు అక్కడే ఉన్నాయి, చిప్స్ పంచేవాళ్లూ అక్కడే ఉన్నారు. అంటే యజమానిని మార్చినంత మాత్రాన ఆకాశం విరిగిపడదని బజారే నిరూపించింది. తేడా ఒక్కటే. లైసెన్సు లాక్కుని వేరొకరికిస్తే పాత వాటాదారులు నష్టపోయేవారు, అమ్ముకుంటే వాళ్లకు సొమ్ము దక్కింది. అందులో పెద్ద వాటా జేమ్స్ ప్యాకర్‌ది. ఉద్యోగి కడుపు చూపించి యజమాని జేబు కాపాడడం జూదం కన్నా పాత విద్య.

మరి క్రౌన్ మారిందిగా, 2024 మార్చిలో నియంత్రణ సంస్థే అర్హత ఉందని తేల్చిందిగా అనొచ్చు. మారిందనే అనుకుందాం. కానీ ఇలాంటి సర్టిఫికెట్టు ఇదే మొదటిది కాదు. పాత నియంత్రణ సంస్థ 2018లోనూ క్రౌన్‌ను తనిఖీ చేసి, కొన్ని సూచనలతో పాటు అర్హుడనే ముద్ర వేసింది. మరుసటి ఏడాది పత్రికలు, టీవీ తవ్వి తీసేదాకా ఆ ముద్ర చెక్కుచెదరలేదు. 2018లో అర్హుడు, 2021లో అనర్హుడు, 2024లో మళ్లీ అర్హుడు. మన రేషన్ కార్డుల జాబితా కూడా ఇంత చురుగ్గా మారదు. క్రౌన్‌కే చెందిన పెర్త్ కేసినో సంగతి ఇంకా సొంపు. దాన్ని కాపలా కాయాల్సిన ప్రభుత్వాధికారి ఒకరికి, అక్కడి ఉద్యోగులతో కలిసి చేపల వేటకు వెళ్లేంత స్నేహం ఉందని 2021లో బయటపడింది.

ఇన్ని కమిషన్లు, కోర్టులు, పర్యవేక్షకులు మూయించలేని మెల్‌బోర్న్ కేసినో తలుపులను నెలల తరబడి మూయించింది ఒక్క కరోనాయే. అది ఎవరితోనూ చేపల వేటకు వెళ్లలేదు.