ఆటోమేక్ సూత్రత్రయమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: మూడు కమాండ్ లైన్ ప్రోగ్రాములను ఒక్క మూటగా గట్టి లోకమునకు పంపనెంచిన గ్రంథకర్త, ఆటోమేక్ అను నిర్మాణసాధనము చదువు మేక్‌ఫైల్.ఏఎమ్ అను పత్రమున ఇట్లు సూత్రించుచున్నాడు.

మూలము:
బిన్_ప్రోగ్రామ్స్ = వడపోత కూర్పు లెక్క
వడపోత_సోర్సెస్ = వడపోత.సి ఉమ్మడి.సి ఉమ్మడి.హెచ్
కూర్పు_సోర్సెస్ = కూర్పు.సి ఉమ్మడి.సి ఉమ్మడి.హెచ్

టీక: బిన్ = అందఱును పిలువదగిన ప్రోగ్రాములుండు డైరెక్టరీయందు; ప్రోగ్రామ్స్ = ప్రతిష్ఠింపవలసిన ప్రోగ్రాములు; వడపోత కూర్పు లెక్క = ఆ పేర్లుగల మూడు (నడుమ కామా లేదు, ఖాళీయే భేదకము); సోర్సెస్ = ఆయా ప్రోగ్రాములకు ఉపాదానమగు ఫైళ్లు; ఉమ్మడి.సి = రెండింటికిని సాధారణములైన ఫంక్షన్లు గలది; ఉమ్మడి.హెచ్ = ఆ ఫంక్షన్లను ప్రకటించు హెడరు.

తాత్పర్యము: మేక్ ఇన్‌స్టాల్ అని ఆజ్ఞాపించినంతనే మూడు ప్రోగ్రాములును నిర్మితములై బిన్ డైరెక్టరీని జేరవలెననియు, మూడవదానికి సోర్సెస్ చెప్పమిచే లెక్క.సి యొక్కటియే దానికి మూలమని గ్రహింపవలెననియు భావము.

విశేషములు: ఉమ్మడి.సి రెండుమార్లు పఠింపబడినందున పునరుక్తిదోషము గలుగదా యందురేని, కలుగదు. ఏ ప్రోగ్రామునకును ప్రత్యేకముగా సీఫ్లాగ్స్ (కంపైలరునకిచ్చు ఫ్లాగులు) విధింపనంతవఱకు కంపైలరు దానినొక్కమాఱే ఆబ్జెక్టు ఫైలుగా మార్చును. లింకరు దానినే రెండింటను గూర్చును. వడపోతకు మాత్రము వేఱు ఫ్లాగులు విధించితిమా, వడపోత-ఉమ్మడి.ఓ అను మఱొక ఫైలు పుట్టును.

కంపైలు కాని హెడరునకు సోర్సులలో పఙ్క్తిభోజనమేల యని పూర్వపక్షము. మేక్ డిస్ట్ మూటగట్టునపుడు పేర్కొనిన ఫైళ్లనే కొనిపోవునుగాన, హెడరును మఱచిన కర్త కంప్యూటరున సర్వమును సజావుగా సాగి, మూట నందుకొన్నవాని యింట నిర్మాణము భగ్నమగునని సమాధానము. అందులకే మేక్ డిస్ట్‌చెక్, మూటను వేఱొకచోట విప్పి, నిర్మించి, పరీక్షించి చూచును.

ఇంతకును, 1994లో డేవిడ్ మెకంజీ ఆరంభింపగా టామ్ ట్రోమీ పెర్ల్ భాషలో తిరిగి రచించిన ఆటోమేకే ఈ సూత్రములకు ప్రథమవ్యాఖ్యాత. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ జేసిన సంస్కృతకావ్యవ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరివలె గాక, ఇతడు మూడు పంక్తులకు వందలాది పంక్తుల మేక్‌ఫైల్.ఇన్ అను, మేక్‌ఫైలునకు మాతృకయగు పత్రమును విరచించును. ఆ విస్తారమును జూచి భ్రమపడి అందే తప్పులు దిద్దబూనువాని శ్రమ, ఆటోమేక్ మరల నడచినంతనే తుడిచిపెట్టుకొని పోవును. కావున దిద్దవలసినది మూలమునే గాని వ్యాఖ్యను గాదు.