పిన్నీసు సూక్తికి టీకా తాత్పర్యాలు

మూలము: “ఆయ్, చెవి తెగ దురదెడతందండి. ఓ పిన్నీసుంటే ఇలా పడెయ్యండి.”

అవతారిక: గోదావరి డెల్టా కాలువ రేవులో కార్తీక స్నానమాడి, తల తుడుచుకొని చెవులు మరచిన ఒక గృహస్థు, వారం తిరక్కుండా పక్కింటి అరుగెక్కి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: ఆయ్ = గోదావరి జిల్లాలవారికి చెప్పనక్కరలేదు, ఇతరులకు చెప్పినను తెలియదు; చెవి = డొప్ప మొదలు కర్ణభేరి దాకా గల రెండున్నర సెంటీమీటర్ల వంకర సందు, లోపలి కొస మూతబడినది గనుక చొరబడిన తడి అక్కడే నిలుచును; తెగ = నిద్ర పట్టనంతగా; దురదెడతంది = ఆస్పర్జిల్లస్ నైగర్ అను నల్లబూజు గాని, కాండిడా అను తెల్లబూజు గాని కాపురం పెట్టినదని ధ్వని; పిన్నీసు = ఉపలక్షణము, అగ్గిపుల్ల, కోడి ఈక, బండి తాళం కూడ గ్రహించునది; పడెయ్యండి = తిరిగి అడగకండి.

తాత్పర్యము: చెవిలో బూజు మొలిచినది, దమ్ము చేయుటకు పనిముట్టు కావలెనని భావము.

విశేషములు: “కాలువ నీళ్ళు పడి” అని ఇంటివారి పూర్వపక్షము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి డెల్టా జనము కాలువల్లో మునుగుచునే యున్నారు. మునిగిన ప్రతి చెవికీ బూజు పట్టలేదు. కావున ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను విడిచిపెట్టవలెను. నీరు సాయపడునే గాని, ఒంటరిగా ఇంత పని చేయలేదు. బూజు బీజములు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండునవే. వాటిని ఆపునది గులిమి: జిడ్డు గనుక నీటిని అంటనీయదు, కొంచెం ఆమ్లగుణము గనుక బూజును ఎదగనీయదు. ఆ గులిమిని మురికి అని తోడిపారేసి, చర్మము గీరి, పైన వెల్లుల్లి కాచిన నూనె పోసి, మన ఉక్కపోతకు అప్పగించినచో ఇక అడ్డేమున్నది? అంతటితో ఆగుదురా! మందుల షాపులో చెవి చుక్కలు కొందురు. అందులోని యాంటీబయాటిక్ బూజును ముట్టదు, దానికి పోటీ వచ్చు బాక్టీరియాను చంపును. స్టెరాయిడ్ దురదను జోకొట్టి, చర్మపు కాపలాను కూడ నిద్రపుచ్చును. చక్కెర జబ్బు ఉన్నచో బూజుకు మరీ సుళువు.

అలంకారము: మేలు కోరి చేసిన పని కీడు తెచ్చుటచే విషమము.

చెవి డాక్టరు చూచినచో తెల్లని తడిపొర మీద నల్లని నలుసులు కనబడును. ఆ ముద్దను గొట్టముతో పీల్చి, క్లోట్రిమజోల్ చుక్కలు వ్రాసి, చెవి తడపవద్దనును. కర్ణభేరికి చిల్లి ఉన్నదో లేదో చూచుటయు ఆయన పనియే. పిన్నీసుకు అది తెలియదు.

పాఠాంతరము: పట్నపు ప్రతులలో “పిన్నీసు” బదులు “ఇయర్ బడ్డు” అని కలదు. అది గులిమిని తోడుటకు మారుగా లోపలికి దట్టించును. తక్కిన అర్థము సమానము.