అట్టబిళ్ల

పాతకాలపు పన్నెండు బోరు తూటా చూసినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువమంది. పౌను సీసంతో సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, తుపాకి గొట్టం లోపల అంత ఖాళీ ఉంటుంది. అదీ పన్నెండు బోరు. తూటా అడుగున ఇత్తడి, పైన బొటనవేలంత లావు కాగితపు గొట్టం. లోపల టోపీ, మందు, దానిమీద ఫెల్టు బిళ్ల, ఆపైన సీసపు గుళ్లు. అన్నిటికీ పైన ఒక గుండ్రటి అట్టబిళ్ల పెట్టి, కాగితం అంచుని లోపలికి చుట్టి బిగించేవారు. ఆ బిళ్లమీద కంపెనీ పేరూ, లోపలున్న గుళ్ల సైజు నంబరూ అచ్చువేసి ఉండేవి. తూటా కోయకుండానే లోపల ఏముందో ఆ బిళ్ల చెప్పేది.

మండపేటలో మా తాతయ్య, అంటే అమ్మావాళ్ల నాన్న దగ్గర అలాంటి తూటాల పెట్టె ఒకటి ఉండేది. ఏలీ-కైనాక్ వాళ్ల సరుకు. లండన్ ఏలీ, బర్మింగ్‌హామ్ కైనాక్ కంపెనీలు 1918లో ఏకమై, 1926లో ఐ.సి.ఐ.లో కలిశాయి. ఇరవై అయిదు తూటాల పెట్టె. దిగుమతులు ఆగిపోయాక మళ్లీ దొరకలేదు. మన ఖడ్కీ కర్మాగారం తూటాలు దొరికేవి గానీ కొట్లో ఎక్కువగా 70 మిల్లీమీటర్లవే ఉండేవి. తాతయ్య ఇంగ్లీషు జంటగొట్టాల తుపాకి గది 65 మిల్లీమీటర్లది. పొడుగు తూటా అందులో పట్టినట్టే పడుతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకని ఏలీ పెట్టెని బంగారంలా చూసుకునేవాడు.

బంగారానికి చెమ్మ పట్టదు, కాగితానికి పడుతుంది. గోదావరి వానాకాలం సంగతి మీకు తెలియంది కాదు. నాలుగేళ్లకే కొన్ని తూటాలు ఉబ్బి, గదిలోకి సగం దూరి ఆగిపోయేవి. మా ఇంట్లో ఇత్తడి తూటాల వాడకం అలా మొదలైంది. ఇత్తడి గొట్టం ఉబ్బదు. కాల్చినకొద్దీ మళ్లీ నింపుకోవచ్చు. పాత టోపీ ఊడగొట్టి కొత్తది కొట్టడం, మందు పొయ్యడం, బిళ్ల దిగ్గొట్టడం, గుళ్లు పోసి పైన అట్ట పెట్టి మైనం పొయ్యడం. తాతయ్యకి అలాంటివి ఆరు ఉండేవి. రాత్రి అందరూ పడుకున్నాక వెనక కొట్టుగదిలో నింపుకునేవాడట. మందు ఉన్న గదిలోకి దీపం రాకూడదు, లాంతరు గుమ్మం అవతలే ఉండాలని ఎంత జాగ్రత్త పడేవాడో అమ్మమ్మ చెప్పేది.

అది చట్టానికి తెలియని పని. తూటా తయారుచెయ్యాలన్నా లైసెన్సు ఉండాలని 1959 నాటి ఆయుధాల చట్టం చెబుతోంది. కాకినాడ కలెక్టరాఫీసు నుంచి వచ్చిన మా తాతయ్య పుస్తకంలో తుపాకీ ఉంది, కొనుక్కునే తూటాల లెక్కా ఉంది. నింపుకునే అనుమతి లేదు.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చేదాకా తాతయ్య డిసెంబరు, జనవరి నెలల్లో పరజల కోసం చెరువులవెంట తిరిగేవాడు. ఆ తరవాత పిట్టని కొట్టడం మానేశాడు. పాలుపోసుకునే చేలమీద గువ్వలు వాలితే గాల్లోకి ఒక దెబ్బ, అంతే. కాల్చిన ప్రతి తూటానీ తేదీతో సహా పుస్తకంలో రాసేవాడు. మిల్లులో ధాన్యం కాటా రాసే చెయ్యి అది. తప్పు పోదని ఊళ్లో పేరు. ఆ పేరు వల్లే తరవాతి సంగతి జరిగిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పట్లో లైసెన్సు మూడేళ్లకోసారి కొత్త చేయించుకోవాలి. ఒక రెన్యువలుకి తనిఖీకి వచ్చిన అధికారి పెట్టె తెరిచి లెక్క పెట్టాడు. పుస్తకం ప్రకారం పదకొండు ఏలీ తూటాలు మిగలాలి. పెట్టెలో తొమ్మిదే ఉన్నాయి.

తాతయ్య ఒక్క క్షణం ఆగి, "పెద్దపాలేరు తీసుంటాడు" అన్నాడట.

తుపాకి ఉన్న గది తాళం తీసే చనువు ఇంటివాళ్లు కాక అతనొక్కడికే ఉంది. నాటు తుపాకులవాళ్లకి అమ్ముకుని ఉంటాడని ఊరు మిగతా కథ అల్లేసింది. లెక్క తప్పని మనిషి చెప్పాక ఎవరు కాదంటారు? అతన్ని రెండు రాత్రులు ఠాణాలో ఉంచారు. తూటాలు దొరకలేదు, కేసు నిలబడలేదు, వదిలేశారు. ఆ ఏటి జీతం గింజలు మాత్రం రాలేదు. ఉగాదికి పెళ్లాం పిల్లల్ని తీసుకుని ద్రాక్షారామం వైపు వెళ్లిపోయాడు. తరవాత ఏదైనా వస్తువు కనబడకపోతే మా ఇంట్లో పెద్దవాళ్లనే మాట ఒకటుండేది: "తూటాలు పట్టుకుపోయినవాడు కూడా మొదట్లో నమ్మకస్తుడేగా!" నేను ఆ మాట వింటూ పెరిగాను.

తాతయ్య నిండుగా బతికి పోయాడు. లైసెన్సుదారుడు పోతే వారసులు ఆయుధాన్ని ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. మావయ్య అమెరికాలో ఉండటంతో ఆ పని నామీద పడింది. తుపాకి, తొమ్మిది ఏలీ తూటాలు, పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్న ఆరు ఇత్తడి తూటాలు, అన్నీ కాగితం మీద రాయించి కాకినాడ తీసుకెళ్లాను.

డీలరు దగ్గర పనిచేసే సాయిబుగారికి డెబ్భై దాటి ఉంటాయి. తుపాకి గొట్టాల్లోంచి వెలుతురు చూసి తల ఊపాడు. ఇత్తడి తూటాలు చూసి మాత్రం మొహం మార్చాడు.

"ఇవి నింపినవి బాబూ. ఎవరు నింపారో, ఎంత మందు పోశారో మనకి తెలీదు. ఇలా ఉంచితే ఎప్పటికైనా ప్రమాదమే. విప్పేస్తాను."

ఫ్యాను ఆపించాడు. నన్ను దూరంగా నుంచోమన్నాడు. అన్నేళ్ల మైనం గట్టిపడి పెచ్చులుగా లేచింది. మొదటి తూటా మూతిమీది అట్ట శుభలేఖలోంచి కత్తిరించింది. గులాబీరంగు అట్ట, అంచుకి పసుపు మరక, మధ్యలో "చి.ల.సౌ." అన్న అక్షరాల్లో సగం. మా పిన్ని పెళ్లి శుభలేఖ అయివుంటుందని నవ్వొచ్చింది. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ అలాంటివే.

అయిదోదాని మీది అట్ట తెల్లగా ఉంది. కత్తెర వంకర్లు లేవు, మిషనుతో కోసినంత గుండ్రంగా ఉంది. సాయిబుగారు దాన్ని గోటితో లేపి, అరచేతిలో వేసుకుని తిరగేశాడు. అడుగు వైపు అచ్చు ఉంది. ఏలీ-కైనాక్ పేరు, మధ్యలో 4 నంబరు. ఆరోదీ అంతే.

నేను వెంటనే సర్దిచెప్పుకోబోయాను. "కాల్చిన తూటాల్లోవి ఏరి దాచుకున్నాడేమో?"

"కాల్చినదాంట్లోంచి ఈ బిళ్ల తిరిగి రాదు బాబూ. మందు అంటుకోగానే అన్నిటికంటే ముందు ఎగిరిపోయేది ఇదే. చేల్లో ఎక్కడ పడుతుందో కూడా తెలీదు. దీని అంచు చూడండి, కాగితం చుట్టిన గీత అలాగే ఉంది. ఇది కాల్చని తూటాని కోసి తీసింది. ఉబ్బిపోయిన తూటాలై ఉంటాయి. మందూ, గుళ్లూ, బిళ్లా అన్నీ ఇందులోకి మార్చారు."

రెండు ఇత్తడి తూటాలు, రెండు బిళ్లలు. తనిఖీనాడు పెట్టెలో తగ్గినవీ రెండే.

పుస్తకంలో రాయడం మరిచిపోయి ఉంటాడులే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. తిరగేసి పెట్టిన ఆ బిళ్ల ఒప్పుకోలేదు. మరిచిపోయినవాడు అచ్చు ఉన్న వైపుని లోపలికి తిప్పడు. ఆ రోజు అధికారి ముందు నిజం చెబితే తుపాకీ, లైసెన్సూ, బహుశా ఊళ్లో ఆ పేరూ పోయేవి. అంతకంటే పాలేరు తేలికయ్యాడు.

అమ్మకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వాళ్ల ఇల్లెక్కడో కనుక్కో" అంది.

కనుక్కోవడం కష్టం కాలేదు. ద్రాక్షారామంలో ఆ మనిషి కొడుకు తాపీమేస్త్రి. అరవై ఏళ్లుంటాయి. తండ్రి పోయి చాలాకాలమైందన్నాడు. నేను ఎవరి మనవణ్ణో చెప్పగానే లేచి కుర్చీ తెచ్చి వేశాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, అందులోని రెండు బిళ్లలూ అతని చేతిలో పెట్టి, ఏ తూటాలో దొరికాయో, అవి ఏం రుజువు చేస్తున్నాయో మొదటినుంచీ చెప్పాను. మీ నాన్న దొంగ కాదండీ, ఈ మాట మండపేటలో నలుగురి ముందూ చెబుతాను, మీరూ రండి అన్నాను.

అతను బిళ్లల్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్లీ అగ్గిపెట్టెలో పెట్టి నాకే ఇచ్చేశాడు.

"ఆయ్, మాకు తెలుసండి. ఆ రెండూ కోసిన రాత్రి గుమ్మం అవతల లాంతరు పట్టుకుని నిలబడింది మా నాన్నేనండి."