లాటరీని చేతకానట్టే నడపండి

లాటరీ మీద ఆదాయం తగ్గిందని ఏ రాష్ట్రం దిగులుపడినా సలహా ఒకటే వస్తుంది: ప్రైవేటు వాళ్ళకిచ్చెయ్యండి, బాగా నడుపుతారు. నిజమే, బాగా నడుపుతారు. అందుకే ఇవ్వొద్దంటున్నాను. బడిని, ఆసుపత్రిని, బస్సును బాగా నడపాలి. లాటరీని మాత్రం సర్కారే నడపాలి, అదీ నిదానంగా, చేతకానట్టు. ఈ మాట విన్న లెక్కల మనుషులు తల పట్టుకుంటారని తెలుసు. అయినా ఆర్థిక శాఖలో ఆ ఫైలు ఎవరి బల్ల మీదుందో వాళ్ళకోసం రాస్తున్నాను.

బాగా నడపడమంటే ఏమిటో నేను చిన్నప్పుడే చూశాను. తొంభైల్లో మా చిన్నమామ హోసూరులో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. అప్పట్లో సింగిల్ నంబర్ లాటరీ ఊరంతా ఉండేది. చివరి అంకె ఒక్కటి తగిలితే చాలు, డబ్బు. పొద్దున కొంటే మధ్యాహ్నానికల్లా ఫలితం, మధ్యాహ్నం కొంటే సాయంత్రానికల్లా ఇంకో ఫలితం. టికెట్టు మీద మామ ఎన్నడూ చూడని ఏదో దూరపు రాష్ట్రం పేరు. అమ్మేది మాత్రం మా వీధివాడే. మామకు కూలి శనివారం సాయంత్రం ఇచ్చేవాళ్ళు. సరిగ్గా ఆ వేళకు ఆ మనిషి ఫ్యాక్టరీ గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఎవరికెంత అరువివ్వొచ్చో, ఎవరి భార్య పుట్టింటికెళ్ళిందో అన్నీ తెలుసు అతనికి. మామ చొక్కా జేబులో ఓడిపోయిన టికెట్లు రబ్బరుబ్యాండు వేసి ఉండేవి. పారెయ్యడు. అంకెలు ఎలా పడుతున్నాయో రాత్రి పూట లెక్క కట్టేవాడు. అత్త కమ్మలు పోయాక కూడా ఆ కట్ట జేబులోనే ఉంది. ఆ స్టూలు మనిషికి మించిన సమర్థుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

అందుకని మొదటి సలహా: ఆలస్యం చెయ్యండి. 1998 లాటరీల నియంత్రణ చట్టం సింగిల్ నంబర్ బహుమతుల్ని తీసేసింది. ఏ లాటరీకైనా వారానికి ఒక్క డ్రా మించకూడదంది. కేరళలో రోజుకో పేరుతో, కారుణ్య ఒకరోజు, స్త్రీశక్తి ఇంకోరోజు అంటూ, ఏడు లాటరీలు ఉండటానికి కారణం ఇదే. తర్వాత 2010లో వచ్చిన నిబంధనలు ఒక రాష్ట్రం అన్ని స్కీములూ కలిపి రోజుకు 24 డ్రాల దాకా తియ్యొచ్చన్నాయి. నిబంధనలు 24 దాకా ఒప్పుకున్నాయి కదా అని మీరు 24 తియ్యకండి. ఒక్కటి తియ్యండి. కొన్నవాడికి ఇంటికెళ్ళి, అన్నం తిని, మనసు చల్లబడేంత వ్యవధి ఉండాలి. ప్రైవేటు సంస్థకు ఆ వ్యవధి నష్టం. కొన్నవాడి పెళ్ళాం పిల్లలకు అదే లాభం.

కాగితం టికెట్టునే పట్టుకుని ఉండండి. ఫోన్లో అమ్ముదామని మొదటివారమే అడుగుతారు, ఒప్పుకోకండి. కాగితం కొనాలంటే మనిషి లేచి, చెప్పులేసుకుని, పదిమంది చూస్తుండగా చెయ్యి చాచాలి. ఫోన్లో అర్ధరాత్రి దుప్పటి కింద కొనొచ్చు.

అమ్మకాల టార్గెట్లు పెట్టకండి. ఈ ఏడాది అమ్మకాలు పడిపోయాయని ఏ అధికారైనా నివేదిక పంపితే అతణ్ణి సంజాయిషీ అడగకండి, మెచ్చుకోండి. దీనికి నవ్వేవాళ్ళకు నా జవాబు ఇది: సారా అమ్మకం తగ్గితే సంతోషించే మనం లాటరీ తగ్గితే ఎందుకు ఏడవాలి? రాష్ట్రం నడిపినా లాటరీ జూదమేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కదా.

ఇక హామీ సొమ్ము. ప్రైవేటు పంపిణీదారుకు అప్పగిస్తే డ్రాకు కనీసం ఇంతని రాష్ట్రానికి ఖాయంగా రావాలని ఆ 2010 నిబంధనల్లోనే ఉంది. అమ్మినా అమ్మకపోయినా వచ్చే ఆ డబ్బు చాలా తియ్యగా ఉంటుంది. దానికి అలవాటుపడ్డ ఖజానా, టికెట్టు ఎవరు కొంటున్నారు, ఏ గేటు దగ్గర కొంటున్నారు అని అడగడం మానేస్తుంది. ముద్ర మాత్రం రాష్ట్రానిదే. ఆ దారిలో పంపిణీదారు ఎంత పెద్దవాడవుతాడో తెలియాలంటే 2024 మార్చిలో బయటపడ్డ ఎలక్టోరల్ బాండ్ల జాబితా చూడండి. అందరికంటే ఎక్కువగా 1,368 కోట్ల బాండ్లు కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ. ఉక్కు, సిమెంటు, ఫోన్ల కంపెనీలన్నీ దాని వెనకే.

రాష్ట్రమే నడిపే లాటరీకి, పంపిణీదారు నడిపే లాటరీకి పన్ను వేరుగా ఉండాలని కూడా అడగండి. మొదట ఉండేది: ఒకదానికి 12 శాతం, రెండోదానికి 28. జీఎస్టీ కౌన్సిల్ అప్పటిదాకా అన్నీ ఏకాభిప్రాయంతోనే తేల్చుకుంది. 2019 డిసెంబరు 18న మొదటిసారి ఓటింగ్ దాకా వెళ్ళింది దేనికంటే, దీనికే. 21 ఓట్లు ఒకవైపు, 7 ఒకవైపు. రెండింటికీ 28 అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40. పన్ను పెంచినందుకు నాకు బాధ లేదు. రెంటినీ ఒకే గాటన కట్టినందుకే బాధ.

కేరళను పొగడటానికి ఇదంతా రాయడం లేదు. 1967లో ప్రైవేటు లాటరీలను ఆపి సొంతంగా మొదలుపెట్టి, 1968 జనవరి 26న తొలి డ్రా తీసిన రాష్ట్రం అది. రూపాయి టికెట్టు, 50,000 బహుమతి. ఇప్పుడు టికెట్టు యాభై, ఓణం బంపర్ ఐదొందలు, మొదటి బహుమతి 25 కోట్లు. సర్కారు కూడా స్టూలు మనిషంత సమర్థత నేర్చుకుంటోంది. 2022లో ఆ 25 కోట్లు తగిలిన తిరువనంతపురం ఆటో డ్రైవరు, సాయం అడిగేవాళ్ళ తాకిడికి సొంత ఇంట్లో ఉండలేక తప్పించుకు తిరిగాడు. అదే డబ్బు వందమందికి తలా పాతిక లక్షలు ఇచ్చుంటే వంద ఇళ్ళు లేచేవి. మొదటి బహుమతి తగ్గించండి. ప్రకటనల్లో మెరుపు తగ్గుతుంది, తగ్గనివ్వండి. మిగిలినదాన్ని అమ్మేవాళ్ళ కమీషన్‌లో కలపండి. శబరిమల దారిలో ఏ స్టేషన్లో దిగినా కనిపిస్తారు వాళ్ళు, మెడలో అట్టముక్కకు క్లిప్పులు పెట్టి టికెట్లు వేలాడదీసుకుని, కాలు సరిగా లేనివాళ్ళు, చూపు ఆనని ముసలివాళ్ళు. ప్రైవేటు సంస్థ వస్తే ముందు పోయేది వీళ్ళే.

2025లో హిమాచల్ ప్రదేశ్ మంత్రివర్గం లాటరీని మళ్ళీ తేవాలని నిర్ణయించింది. అప్పులున్న రాష్ట్రాలన్నీ అటువైపు చూస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లాటరీ లేదు. ఆ ఫైలు మీ బల్ల మీదకి వస్తే, దయచేసి తెరవకుండానే తిప్పి పంపండి. తప్పదంటే పైన చెప్పినట్టు నడపండి.

2003లో తమిళనాడు లాటరీలన్నీ నిషేధించింది. హోసూరులో గేటు పక్క స్టూలు లేచిపోయింది. దొంగచాటుగా ఎక్కడో దొరికేవట. మామ వెతుక్కుంటూ అంత దూరం వెళ్ళలేదు.